బ్లాస్ట్ ఫర్నేస్ మెటీరియల్ బ్యాలెన్స్: ఏ లెక్కకు ఏ మూలకం సాక్షి?

ప్రశ్న, విజయనగరంలో మెటలర్జీ చదువుతున్న ఒక విద్యార్థిది: "ప్రాజెక్టుకి చిన్న బ్లాస్ట్ ఫర్నేస్ లెక్క ఇచ్చారు. టన్ను పిగ్ ఐరన్‌కి పొడి ఓర్ 1480 కిలోలు, కోక్ 600, సున్నపురాయి 122, డోలమైట్ 98. మొత్తం 2300. లోహం 1000, స్లాగ్ 260 తీసేస్తే మిగిలిన 1040 కిలోలు టాప్ గ్యాస్ అని రాశాను. తప్పన్నారు. పైగా సున్నపురాయి నేను కట్టిన లెక్కలో 162 వస్తోంది, 122 రావడం లేదు. ఎక్కడ పొరపాటు పడ్డాను?"

తమ్ముడూ, కొలిమిలోకి వెళ్లిన బరువులకీ బయటికొచ్చిన బరువులకీ లెక్క కుదర్చడమే మెటీరియల్ బ్యాలెన్స్. ముందు గ్యాస్ సంగతి, అంటే కొలిమి పైనుంచి బయటికి పోయే టాప్ గ్యాస్ సంగతి చూద్దాం. కొలిమిలోకి వెళ్లేవాటిలో అన్నిటికన్నా బరువైనదాన్నే నువ్వు వదిలేశావు. అది గాలి. టన్ను లోహానికి పైనుంచి పడే ఓర్ 1480 కిలోలైతే, కింద ట్యుయెర్ల (గాలి గొట్టాల మూతుల) గుండా ఊదే గాలి ఈ లెక్కలో 1898 కిలోలు. బెల్టు మీద రాదు, హాపర్‌లో తూగదు, అందుకే చాలామంది మరిచిపోతారు. టాప్ గ్యాస్ 1040 కాదు, పొడిగా 2881 కిలోలు.

అయితే అసలు పొరపాటు గాలిని మరవడం కూడా కాదు. గాలిని గుర్తుపెట్టుకుని కూడినా, లోహమూ స్లాగూ తీసేసి మిగిలింది గ్యాస్ అని రాస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. తీసివేతతో వచ్చిన అంకె ఎప్పుడూ సరిపోయినట్టే కనిపిస్తుంది. ఓర్ తేమలో తప్పు, డస్ట్‌లో (గ్యాస్‌తో ఎగిరిపోయే దుమ్ములో) తప్పు, స్లాగ్‌లో (కరిగి వేరుపడే రాతి మలినంలో) తప్పు, అన్నీ వెళ్లి ఆ ఒక్క అంకెలో దాక్కుంటాయి. బ్యాలెన్స్ వేసేదే తప్పు ఎక్కడుందో బయటపడడానికి. దాన్ని దాచిపెట్టే పద్ధతిలో వేస్తే వేసినా వేయకపోయినా ఒకటే.

బెల్లం వండేచోట చూడు. నూరు కిలోల చెరకు రసంలో 18 కిలోల తీపి ఉందనుకో. దించిన బెల్లంలో తీపి నూటికి 90 పాళ్లుంటే బెల్లం ఎంత? 18ని 0.90తో భాగిస్తే 20 కిలోలు. ఆవిరైపోయిన నీళ్లను ఎవరూ తూచలేదు, తూచక్కర్లేదు. తీపి ఆవిరి కాదు కాబట్టి అదే సాక్ష్యం చెప్పింది. బ్లాస్ట్ ఫర్నేస్‌లోనూ ఇంతే. తెలియని ప్రతి బరువుకీ, దారి తప్పకుండా అక్కడికే చేరే మూలకం ఒకటుంటుంది. దాన్ని పట్టుకోవాలి. ఓర్ బరువుకి ఇనుము, ఫ్లక్స్‌కి (మలినాన్ని కరిగించే సున్నపురాయి, డోలమైట్‌లకి) సున్నం–సిలికా, టాప్ గ్యాస్‌కి కార్బన్, ఊదే గాలికి నైట్రోజన్. ఆక్సిజన్‌ని మాత్రం దేనికీ వాడకుండా చివరి దాకా దాచుకో. అది తనిఖీ చేసే అధికారి లాంటిది.

ఇక నీ లెక్కే మొదటినుంచీ వేద్దాం. కింద 'లోహం' అంటే పిగ్ ఐరన్ (కొలిమి నుంచి కారే ముడి ఇనుము), 'ఇనుము' అంటే మూలకం. ఈ రెండు మాటలూ కలిపేసుకుంటే సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

ఆధారం 1000 కిలోల లోహం. అందులో ఇనుము 94.7 శాతం, కార్బన్ 4.4, సిలికాన్ 0.8, భాస్వరం 0.1.
ఓర్, అంటే ఇనుప ఖనిజం (పొడి): హెమటైట్ (ఇనుప ఆక్సైడ్) 92.0, సిలికా 4.0, అల్యూమినా 1.8, కట్టుబడి ఉన్న నీరు 2.1, మిగతాది భాస్వరపు ఆక్సైడ్.
కోక్ (పొడి): కార్బన్ 86.0, బూడిద 12.0, గంధకం 0.6, హైడ్రోజన్ 0.4, నైట్రోజన్–ఆక్సిజన్ కలిపి 1.0. బూడిదలో సిలికా 55, అల్యూమినా 28, ఇనుప ఆక్సైడ్ 8, సున్నం 4, ఇతరాలు 5.
సున్నపురాయి: సున్నం 52, మెగ్నీషియా 2, సిలికా 2, అల్యూమినా 1, కార్బన్ డయాక్సైడ్ 43.
డోలమైట్: సున్నం 30, మెగ్నీషియా 20, సిలికా 4, అల్యూమినా 1, కార్బన్ డయాక్సైడ్ 45.
డస్ట్ 20 కిలోలు: ఇనుము 9, కార్బన్ 5, సిలికా 1, అల్యూమినా 1, మిగతా 4 కిలోలు ఇనుముతో కలిసి ఉన్న ఆక్సిజన్.

ఓర్‌తో మొదలుపెడదాం. ఇనుము ఎక్కడెక్కడికి పోతుంది? లోహంలోకి 947 కిలోలు, డస్ట్‌తో 9, స్లాగ్‌లో ఐరన్ ఆక్సైడ్ రూపంలో 1.2. మొత్తం 957.2. కోక్ బూడిద 72 కిలోలు కదా, అందులో ఇనుప ఆక్సైడ్ 5.8, అంటే ఇనుము 4.0. మిగిలిన 953.2 కిలోలు ఓరే ఇవ్వాలి. హెమటైట్ 160 పాళ్లలో 112 పాళ్లు ఇనుము, అంటే 0.70. కాబట్టి ఓర్‌లో ఇనుము 92 × 0.70 = 64.4 శాతం. 953.2 ÷ 0.644 = 1480 కిలోలు. స్లాగ్ బరువు ఇంకా తేలకముందే అందులోని ఇనుము 1.2 అని ఎలా రాశానంటే, సుమారుగా వేసి మొదలుపెట్టి, స్లాగ్ తేలాక మళ్లీ వచ్చి సరిచూసుకోవాలి. ఇంత చిన్న అంకెకి ఒక్కసారి తిరిగొస్తే చాలు.

ఇక్కడొక ముఖ్యమైన మాట. 1480 అనేది పొడి బరువు. కొత్తవలస–కిరండూల్ లైను మీద బైలాడిలా ఓర్ వ్యాగన్లు తిరగడం మీ జిల్లాలో అందరూ చూసేదే. వాటిలో పై కప్పు లేకుండా వచ్చే సరుకు వేసవిలో ఒకలా, ఆషాఢ శ్రావణాల్లో ఇంకోలా తూగుతుంది. తేమ 4 శాతం ఉంటే హాపర్‌లో తూచాల్సింది 1480 ÷ 0.96 = 1542 కిలోలు. చాలామంది 1480కి 4 శాతం కలిపి 1539 అంటారు. తేమ శాతం తడి బరువు మీద చెప్పేది, కాబట్టి భాగించాలి, కలపకూడదు. 4 శాతం దగ్గర తేడా 3 కిలోలే, 10 శాతం దగ్గర 16 కిలోలు దాటుతుంది.

ఇప్పుడు నీ 162 సంగతి. స్లాగ్‌లోకి చేరే సిలికా ఎంతో ముందు తేల్చాలి. ఓర్ నుంచి 59.2, కోక్ బూడిద నుంచి 39.6, మొత్తం 98.8 కిలోలు. ఇదంతా స్లాగ్‌లోకి పోదు. ఒక కిలో డస్ట్‌తో ఎగిరిపోయింది. లోహంలో 8 కిలోల సిలికాన్ ఉందే, అది కూడా ఈ సిలికాలోంచే వచ్చింది: 8 × 60 ÷ 28 = 17.1 కిలోలు. నువ్వు తీసేయడం మరిచిపోయింది ఈ 17.1. సిలికా అంతా స్లాగ్‌దే అనుకున్నావు. నిజంగా స్లాగ్‌లోకి వెళ్లేది 98.8 − 1 − 17.1 = 80.7.

బేసిసిటీ, అంటే సున్నం సిలికాల నిష్పత్తి, 1.10 కావాలి. స్లాగ్‌లో మెగ్నీషియా 22 కిలోలు కావాలి (ఎనిమిదిన్నర శాతం దగ్గర పడుతుంది). సున్నపురాయి 'స' కిలోలు, డోలమైట్ 'డ' కిలోలు అనుకుంటే:

మెగ్నీషియా: 0.02 స + 0.20 డ = 22
సున్నం: 2.9 + 0.52 స + 0.30 డ
సిలికా: 80.7 + 0.02 స + 0.04 డ
సున్నం = 1.10 × సిలికా

సున్నంలోని ఆ 2.9 కోక్ బూడిదది. సిలికా వరసలో 0.02 స, 0.04 డ ఎందుకంటే ఫ్లక్స్ తనతోపాటు కొంత సిలికా తెస్తుంది, ఆ సిలికాకి మళ్లీ కొంత సున్నం కావాలి. అందుకే రాయి కొనేటప్పుడు సున్నం శాతం ఒక్కటే చూస్తే సరిపోదు. 52 శాతం సున్నం, 2 శాతం సిలికా ఉన్న రాయిలో మనకి మిగిలేది 52 − 1.1 × 2 = 49.8 మాత్రమే. సిలికా 6 ఉన్న రాయైతే 45.4కి పడిపోతుంది.

రెండు సమీకరణాలూ విప్పితే స = 122, డ = 98. స్లాగ్‌లో సున్నం 95.7, సిలికా 87.1, అల్యూమినా 48.0, మెగ్నీషియా 22.0, ఐరన్ ఆక్సైడ్ 1.5, బూడిదలోని ఇతరాలు 3.6, గంధకం 3.3. గంధకం వచ్చి సున్నంలోని ఆక్సిజన్‌ని తరిమేస్తుంది కాబట్టి 1.7 కిలోలు తగ్గుతాయి. మొత్తం 260. శాతాల్లో సున్నం 36.8, సిలికా 33.5, అల్యూమినా 18.5, మెగ్నీషియా 8.5. మన దేశపు ఓర్లతో, బూడిద ఎక్కువున్న కోక్‌తో నడిచే కొలుముల్లో అల్యూమినా ఇలా 18 దాటడం మామూలే. మెగ్నీషియా పెట్టేది అందుకే, అది లేకపోతే ఇంత అల్యూమినా ఉన్న స్లాగ్ బంకలా సాగుతుంది.

నీ 162 వేసి ఉంటే ఏమయ్యేది? డోలమైట్ 94కి తగ్గించినా సున్నం 115, సిలికా 87.7, బేసిసిటీ 1.31. ఈ అల్యూమినాతో ఆ స్లాగ్ కరిగే వేడి పెరిగిపోతుంది, ట్యాప్‌హోల్ (బయటికి కారే రంధ్రం) దగ్గర గట్టిపడుతుంది, కొలిమిలో సరుకు దిగకుండా వేలాడుతుంది. దానికి ఎదురు తప్పు ఇంకా ఘోరం. కొందరు కోక్‌ని ఉత్త ఇంధనంగా చూసి బూడిదనే మరిచిపోతారు, అందులోని సిలికానీ సున్నాన్నీ కూడా. అప్పుడు సున్నపురాయి 36 కిలోలే వస్తుంది, నిజంగా నడిస్తే బేసిసిటీ 0.63. కోక్‌తో వచ్చిన 3.6 కిలోల గంధకంలో 3.3ని పట్టి ఉంచేది సున్నమే. అది చాలకపోతే గంధకం లోహంలోనే ఉండిపోతుంది. ఈ లెక్కలో కొలిమిలోకి వెళ్లే మొత్తం సిలికాలో మూడో వంతుకి పైగా కోక్ బూడిదదేనని గుర్తుంచుకో.

ప్లాంటుకి వెళ్తే బేసిసిటీని ల్యాబ్ చెప్పక ముందే కళ్లతో చూడొచ్చు. ఇనుప చువ్వని పారుతున్న స్లాగ్‌లో ముంచి పైకెత్తితే, సిలికా ఎక్కువున్న స్లాగ్ పాకంలా పొడుగ్గా తీగ సాగుతుంది, చల్లారాక గాజులా నల్లగా మెరుస్తుంది. సున్నం ఎక్కువున్నది తీగ సాగదు, చుక్కలు చుక్కలుగా తెగుతుంది, విరిచి చూస్తే రాయిలా మసకగా ఉంటుంది. మన కమ్మరి కొలిమి పక్కన దొరికే చిట్టెం నల్లగా, బరువుగా ఉండేది వేరే కారణానికి. అందులో సున్నం లేదు, ఐరన్ ఆక్సైడ్ నిండుగా ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ చిట్టెంలా బరువుగా, నల్లగా వస్తే ఇనుము స్లాగ్‌లోకి పోతోందని, కొలిమి చల్లబడిందని అర్థం. అప్పుడు ఇనుము లెక్కలో నువ్వు వేసిన 1.2 చెల్లదు.

స్లాగ్ బరువుకి ఒక తనిఖీ ఉంది. ప్లాంటులో స్లాగ్‌ని నేరుగా తూచే వీలు చాలాచోట్ల ఉండదు. అల్యూమినా ఈ కొలిమిలో లోహంలోకి దిగదు, గ్యాస్‌గా పోదు. కొలిమిలోకి వెళ్లింది 49, డస్ట్‌తో పోయింది 1, మిగతా 48 స్లాగ్‌లోనే ఉండాలి. ల్యాబ్ స్లాగ్‌లో అల్యూమినా 18.5 అంటే స్లాగ్ 48 ÷ 0.185 = 260 కిలోలు. ల్యాబ్ 17 అని చెబితే స్లాగ్ 282. నీ కూడికలో 260, ల్యాబ్ మాటలో 282 అయితే ఎక్కడో సిలికా లేదా సున్నం లెక్కకి రాకుండా లోపలికి వెళుతోంది. ఎక్కువసార్లు అది ఓర్‌తోపాటు వచ్చిన మట్టి, లేదా కోక్ బూడిద శాతం పాతది వాడడం.

ఇక గ్యాస్. సాక్షి కార్బన్. కోక్ నుంచి 516 కిలోలు. లోహంలోకి 44, డస్ట్‌తో 5, మిగిలింది 467. దీనికి సున్నపురాయి, డోలమైట్ కాలి వదిలిన కార్బన్ డయాక్సైడ్ కలపాలి: 52.5 + 44.1 = 96.6 కిలోలు, అందులో కార్బన్ 26.3. మరిచిపోయే జాబితాలో దీనిదే రెండో స్థానం. మొత్తం గ్యాస్‌లోకి వెళ్లే కార్బన్ 493.3 కిలోలు, 12తో భాగిస్తే 41.1 కిలోమోల్‌లు (పరమాణు లేదా అణు భారం ఎంతో అన్ని కిలోలు ఒక కిలోమోల్).

టాప్ గ్యాస్ పొడి విశ్లేషణ ఇలా ఉందనుకుందాం: కార్బన్ మోనాక్సైడ్ 25.5, కార్బన్ డయాక్సైడ్ 18.0, హైడ్రోజన్ 1.5, నైట్రోజన్ 55.0. మొదటి రెండింటిలో ప్రతి మోల్‌కీ ఒక కార్బన్. కాబట్టి గ్యాస్ మొత్తం 41.1 ÷ 0.435 = 94.5 కిలోమోల్‌లు. కిలోమోల్‌కి 22.4 నార్మల్ ఘనపు మీటర్లు, అంటే 2117 ఘనపు మీటర్లు. ఓర్‌నీ గాలినీ తాకకుండానే గ్యాస్ వచ్చేసింది చూడు.

గాలికి నైట్రోజన్. అది కొలిమిలో దేనితోనూ చెప్పుకోదగ్గంతగా కలవదు, వచ్చినట్టే పోతుంది. 94.5 × 0.55 = 52.0 కిలోమోల్‌లు. గాలిలో నైట్రోజన్ 79 పాళ్లు కాబట్టి గాలి 65.8 కిలోమోల్‌లు, 1474 ఘనపు మీటర్లు, బరువులో 1898 కిలోలు. ఆక్సిజన్ కలిపిన గాలి ఊదితే 79 వాడకూడదు, అసలు నిష్పత్తి వేసుకోవాలి. ట్యుయెర్ల దగ్గర వేరుగా నైట్రోజన్ వదిలే కొలుముల్లో దాన్ని ముందే తీసేయాలి.

ఇప్పుడు దాచుకున్న సాక్షిని పిలుద్దాం. ఆక్సిజన్‌ని అణువుల్లో కాకుండా పరమాణువుల కిలోమోల్‌లలో లెక్కపెడితే తేలిక.

లోపలికి: లోహంలోని 947 కిలోల ఇనుము వదిలిన ఆక్సిజన్ 405.9 కిలోలు. సిలికా విడిపోయినప్పుడు 9.1, భాస్వరం నుంచి 1.3, గంధకం సున్నంలోంచి తరిమింది 1.7, స్లాగ్‌లో సగం విడిచిన ఇనుము నుంచి 0.2. మొత్తం 418 కిలోలు, అంటే 26.1 కిలోమోల్‌లు. ఫ్లక్స్‌లోని డయాక్సైడ్ నుంచి 4.4. గాలి నుంచి 13.8 కిలోమోల్‌ల ఆక్సిజన్ అంటే పరమాణువులుగా 27.6. గాలిలో తేమ ఘనపు మీటరుకి 15 గ్రాములు వేసుకుంటే 22 కిలోల నీరు, 1.2 కిలోమోల్‌లు. మొత్తం 59.3.

బయటికి: గ్యాస్‌లో 94.5 × (0.255 + 2 × 0.18) = 58.1. హైడ్రోజన్ గాలి తేమ నుంచి 1.2, కోక్ నుంచి 1.2, మొత్తం 2.4 వచ్చింది, టాప్ గ్యాస్‌లో 1.4 కనిపిస్తోంది. మిగతా 1.0 నీటి ఆవిరిగా మారింది, దానితో ఆక్సిజన్ 1.0. మొత్తం 59.1.

59.3కీ 59.1కీ తేడా వెయ్యికి మూడున్నర పాళ్లు. చేత్తో వేసిన లెక్కకి ఇంతకన్నా అడగకూడదు. మొత్తం బరువులు కూడినా లోపలికి ఓర్ 1480, కోక్ 600, ఫ్లక్స్ 220, గాలి 1898, తేమ 22, కలిపి 4220. బయటికి లోహం 1000, స్లాగ్ 260, డస్ట్ 20, పొడి గ్యాస్ 2881, నీటి ఆవిరి 49, కలిపి 4210. తేడా 10 కిలోలు. కోక్‌లో 6 కిలోల నైట్రోజన్–ఆక్సిజన్ మనం ఎక్కడా వేయలేదు, మిగతాది దశాంశాల సవరణ.

ఆక్సిజన్ తనిఖీ ఎంత చురుకైనదో ఒక్క ఉదాహరణ. గ్యాస్ విశ్లేషణలో డయాక్సైడ్ 18 బదులు 17 అని పడింది, నైట్రోజన్‌ని తీసివేతతో 56 అని రాసుకున్నారు. అప్పుడు గ్యాస్ 96.7 కిలోమోల్‌లు, గాలి 1537 ఘనపు మీటర్లు. పైకి ఏమీ తేడాగా అనిపించదు. ఆక్సిజన్ మాత్రం లోపలికి 60.5, బయటికి 58.5 అవుతుంది. 3 శాతం పైగా తేడా. డయాక్సైడ్ ఒక్క పాయింటు తగ్గితేనే ఇంత గట్టిగా పట్టిస్తుంది. అందుకే దీన్ని ఇంకే లెక్కకీ ఖర్చు చేయవద్దన్నది.

ఈ లెక్క నుంచి వచ్చే అసలు లాభం ఇంకొకటుంది. గాలి, తేమ తెచ్చిన ఆక్సిజన్ 28.8 కిలోమోల్‌లు ట్యుయెర్ల ముందు అంతే కార్బన్‌ని కాల్చింది, అంటే 346 కిలోలు. గ్యాస్‌లోకి వెళ్లిన కోక్ కార్బన్ 467. తేడా 121 కిలోలు నేరుగా ఓర్‌నీ సిలికానీ విడగొట్టడానికి ఖర్చయింది. ఆ చర్య వేడిని మింగేస్తుంది. ఈ 121 రోజురోజుకీ పెరుగుతోందంటే పైభాగంలో గ్యాస్ సరిగా పని చేయడం లేదు. ఓర్‌లో చూర్ణం ఎక్కువైందో, గ్యాస్ ఒక పక్క దారి చేసుకుని పోతోందో చూడాలి. కోక్ రేటు పెరిగాక కారణం వెతకడం కన్నా ఈ అంకెని వారం వారం రాసుకోవడం మేలు.

ప్లాంటు అంకెలతో వేసేటప్పుడు బ్యాలెన్స్ కలవకపోవడానికి కారణాలు చాలావరకు మామూలువే. బ్లోయర్ మీటరు 1560 చూపిస్తోంది, నైట్రోజన్ లెక్క 1474 అంటోంది అనుకో. 5.5 శాతం గాలి కొలిమిలోకి చేరడం లేదన్నమాట. స్టవ్ (గాలిని వేడిచేసే పొయ్యి) వాల్వులు, స్నార్ట్ వాల్వు (గాలిని బయటికి వదిలేసేది), ట్యుయెర్ జాయింట్లు వెతకాలి. మీటరుని నమ్మి ఆ గాలితో బ్యాలెన్స్ వేసేవాళ్లకి ఆక్సిజన్ ఎప్పుడూ ఎక్కువే వస్తుంది.

కోక్ తేమ ఇంకో దొంగ. తేమ 5 అనుకుని 600 కిలోల పొడి కోక్ కోసం 632 తూచారు. రాత్రి వాన పడి తేమ 8 అయితే లోపలికి పోయింది 581. 19 కిలోల కోక్, అందులో 16 కిలోల కార్బన్ తక్కువ. కొలిమి చల్లబడుతుంది, లోహంలో సిలికాన్ తగ్గుతుంది. అలా తగ్గినది విడిపోకుండా సిలికాగానే స్లాగ్‌లో మిగిలి బేసిసిటీని కూడా కిందకి లాగుతుంది. సిలికాన్ 0.8 నుంచి 0.5కి పడితే స్లాగ్‌లో 6.4 కిలోల సిలికా అదనం, బేసిసిటీ 1.10 నుంచి 1.02. ఫ్లక్స్ తగ్గలేదే, బేసిసిటీ ఎందుకు పడిందని తల పట్టుకునే చోట జవాబు చాలాసార్లు ఇదే.

శాంపిల్ తీయడం గురించి ఒక మాట చెప్పకపోతే ఈ లెక్కంతా వృథా. కుప్ప పైనుంచి గుప్పెడు తీసి ల్యాబ్‌కి పంపితే గడ్డలే వెళతాయి, చూర్ణం కిందనే ఉంటుంది. సిలికా, అల్యూమినా, తేమ ఎక్కువుండేది చూర్ణంలోనే. బెల్టు నడుస్తుండగా నిర్ణీత వ్యవధిలో అడ్డంగా మొత్తం వెడల్పూ తీసి, కలిపి, శంకువులా కుప్ప పోసి, నొక్కి, నాలుగు పాళ్లు చేసి ఎదురెదురు రెండు పాళ్లు మాత్రమే ఉంచుకుంటూ తగ్గించాలి. తేమ శాంపిల్‌ని మాత్రం వేరుగా, మూత ఉన్న డబ్బాలో వెంటనే పెట్టాలి. నాలుగు పాళ్లు చేసేలోపే అది సగం ఆరిపోతుంది. దాన్ని 105 డిగ్రీల దగ్గర బరువు మారకుండా నిలిచేదాకా ఆరబెట్టాలి. ఓర్‌లో కట్టుబడి ఉన్న నీరు ఈ వేడికి పోదు, దాన్ని ఎర్రగా కాల్చి వేరుగా చూడాలి. రెండింటినీ కలిపేసి ఒకే 'తేమ'గా రాస్తే ఓర్ బరువు రెండుసార్లు తగ్గిపోతుంది.

ఇంకొకటి, సమయం. ఈ గంటలో పైన వేసింది ఈ గంటలో కింద కారదు, మధ్యలో గంటలు పడుతుంది. హెర్త్‌లో (కొలిమి అడుగున) ఎంత లోహం నిలిచి ఉందో కూడా ఒక్కో ట్యాపింగ్‌కి మారుతుంది. అందుకే ఒక షిఫ్టు అంకెలతో వేసిన బ్యాలెన్స్ కలవదు, కలిసినా అది అదృష్టం. కనీసం మూడు నాలుగు రోజులు నిలకడగా నడిచిన అంకెల సగటు తీసుకో.

గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్ కొలుములకి ఇదే పద్ధతి తీసుకెళ్లొచ్చా అంటే వెళ్లొచ్చు, సాక్షులు మారతారు. సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ ఫర్నేస్‌లో గాలి ఊదరు, వేడి కరెంటుది. నైట్రోజన్ సాక్ష్యం పోయింది. ఆక్సిజన్ దాదాపు అంతా ఓర్ నుంచే. ముఖ్యంగా, నీకు కావలసిన మాంగనీసే నమ్మదగని సాక్షి, ఎందుకంటే అది లోహానికీ స్లాగ్‌కీ మధ్య పంచుకుపోతుంది. అక్కడ లోహం బరువు చెప్పేది మళ్లీ ఇనుమే, అది దాదాపు పూర్తిగా లోహంలోకి దిగుతుంది.

1000 కిలోల మాంగనీస్ ఓర్, మాంగనీస్ 42 శాతం, ఇనుము 8 శాతం. మాంగనీస్ 75 శాతం దిగిందనుకుంటే 315 కిలోలు, ఇనుము 80. కార్బన్, సిలికాన్ వగైరా 8 శాతం వదిలేస్తే లోహం (315 + 80) ÷ 0.92 = 429 కిలోలు, మాంగనీస్ 73.4 శాతం. మిగిలిన 105 కిలోల మాంగనీస్ 136 కిలోల ఆక్సైడ్‌గా స్లాగ్‌లో ఉంది. ఆ స్లాగ్‌ని సిలికోమాంగనీస్‌కి ముడిసరుకుగా వాడేది అందుకే. అదే ఓర్‌లో మాంగనీస్ 38, ఇనుము 12 ఉంటే లోహంలో మాంగనీస్ 65 శాతం కూడా దాటదు. కోక్ ఎంత పెంచినా, రికవరీ కాస్త మెరుగుపడినా ఆ ఇనుము ఎటూ పోదు. గ్రేడ్‌ని నిర్ణయించేది ఓర్ కొన్నప్పుడే.

భాస్వరం కూడా అలాంటిదే. బ్లాస్ట్ ఫర్నేస్‌లోనూ, ఆర్క్ ఫర్నేస్‌లోనూ వేసిన భాస్వరం దాదాపు అంతా లోహంలోకే దిగుతుంది. మీ జిల్లాలో చీపురుపల్లి, గరివిడి, గర్భాం చుట్టుపక్కల మాంగనీస్ ఖనిజానికి మూలమైన రాయికి కోడూరు పేరు మీదే కోడురైట్ అని పేరు. అందులో మాంగనీస్ గార్నెట్, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు అపటైట్ ఉంటుంది, అంటే భాస్వరపు ఖనిజం. ఈ ప్రాంతపు ఓర్‌లో భాస్వరం, ఇనుము రెండూ ఎక్కువుండడానికి పునాది అక్కడుంది. పై ఉదాహరణలో ఓర్‌లో భాస్వరం 0.2 శాతం ఉంటే 2 కిలోలు, 429 కిలోల లోహంలో 0.47 శాతం. కొనేవాళ్లు 0.35 దాటకూడదంటే లోహంలో 1.5 కిలోలకి మించకూడదు, అంటే ఓర్ మిశ్రమంలో సగటు 0.15. ఆ 0.2 ఓర్‌ని 0.05 ఉన్న దానితో కలపాలంటే మూడు పాళ్లలో రెండు పాళ్లు మాత్రమే స్థానికం వేయొచ్చు. ఇది రెండు ఓర్లలో మాంగనీస్, ఇనుము సమానమనుకుంటేనే, కోక్ తెచ్చే భాస్వరం ఇంకా కలపకుండానే. 600 కిలోల కోక్‌లో భాస్వరం 0.04 ఉంటే అదే పావు కిలో. పిగ్ ఐరన్ లెక్కలో మనకి వచ్చిన 1 కిలో కూడా ఓర్ ఇచ్చిన సుమారు ముప్పావు కిలోకి కోక్ ఇచ్చిన ఈ పావు కలిస్తేనే పూర్తయింది.